టేపు, బీపీ మిషన్, అడుగెత్తు అరుగు: కుర్రవయసులో గుండె సంగతి ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల ఈవెంట్స్‌కి (పరుగు, కొలతల పరీక్షలకు) తయారయ్యే కుర్రాళ్లకు కొన్ని కొలతలు నోటికొచ్చు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఛాతీ 86.3, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఇవన్నీ బోర్డు అడిగే కొలతలు. నడుము ఎంత, బీపీ ఎంత, మెట్లెక్కి దిగాక నాడి ఎంత కొట్టుకుంటోంది అని మాత్రం ఈవెంట్స్‌లో ఎవరూ అడగరు. అడగరు కాబట్టి ఎవరూ చూసుకోరు. పరుగు మధ్యలో ఎవరో కుప్పకూలారన్న వార్త పేపర్లో వచ్చిన రోజు మాత్రం అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది, నాలుగు రోజులకు మర్చిపోతారు.

16 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ఈవెంట్స్‌కి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, కింద చెప్పిన పద్ధతిలో ఒక ఆదివారం పొద్దున్నే చూసుకోవచ్చు. నా మాట ఒకటే: బరువు తూచే మిషన్‌కి ఇచ్చే విలువలో సగం దర్జీ టేపుకి, మిగతా సగం దమ్ముకి ఇవ్వండి. ఆ రెండూ చెప్పే విషయాలు కిలోలు చెప్పలేవు.

కావలసినవి

దర్జీ టేపు (పాతదైతే సాగి ఉంటుంది, ఒకసారి ఇనుప స్కేలు పక్కన పెట్టి చూసుకోండి), దండకు (మోచేతి పైభాగానికి) కట్టే డిజిటల్ బీపీ మిషన్, ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్కు టిక్కుమనే) యాప్, కచ్చితంగా అడుగు ఎత్తున్న అరుగో గట్టి బెంచీయో, ఒక నోటుబుక్కు. మణికట్టుకు కట్టే బీపీ మిషన్లు కొనొద్దు. చెయ్యి కాస్త కిందికో పైకో జరిగితే చాలు, అంకె మారిపోతుంది.

1. ముందు ఇంట్లో అడగాల్సినవి

టేపు తీసేముందు అమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి అడగండి. మన రక్తసంబంధీకుల్లో 50 ఏళ్లలోపు ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా? నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందా? మన ఇళ్లలో ఇలాంటివి సూటిగా చెప్పరు. "గ్యాస్ పట్టేసి పోయాడు", "రాత్రి పడుకున్నోడు పొద్దున లేవలేదు" అంటారు. ఆ మాట వినపడితే అప్పటికి ఆయన వయసెంతో అడిగి రాసుకోండి.

తర్వాత మిమ్మల్ని మీరు అడుక్కోండి. పరుగు మధ్యలో ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయారా? గట్టిగా శ్రమపడినప్పుడు ఛాతీలో బరువుగా, పట్టేసినట్టు ఉంటుందా? తోటివాళ్లు హాయిగా పరిగెడుతుంటే మీకు మాత్రం మొదటి రౌండ్‌కే ఊపిరాడదా? గుండె ఒక్కసారిగా దడదడలాడి, లయ తప్పినట్టు అనిపిస్తుందా? చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాక కీళ్లు వాచి, మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోమని ఎవరైనా చెప్పారా? ఆ చివరిది చాలామంది మర్చిపోతారు. అది రుమాటిక్ జ్వరం అయి ఉండొచ్చు. గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బు అది, మన దేశంలో ఇంకా ఉంది.

వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా సరే, కింద 6వ అంశంలో చెప్పిన పరీక్ష చేయకండి, గ్రౌండ్‌లో పరుగూ ఆపండి. ముందు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లి ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించుకోండి. కుర్రవాళ్లలో పరుగులో వచ్చే ఆకస్మిక మరణాలకు తెలిసిన కారణాల్లో గుండె కండరం పుట్టుకతో వచ్చిన లోపం వల్ల మందంగా పెరగడం ఒకటి. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, వంశపారంపర్యంగా వస్తుంది. స్టెతస్కోపు పెట్టి "ఏం లేదు, వెళ్లు" అంటే దాన్ని కొట్టేసినట్టు కాదు. ఎకోలో గుండె గోడ మందం కనిపిస్తుంది.

2. నడుము

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా కొలిచేది ఇదే.

పరగడుపున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, చొక్కా పైకెత్తి నిలబడండి. పాదాలు జానెడు దూరంలో ఉంచండి. పక్కటెముకల్లో అన్నిటికంటే కింది ఎముక ఎక్కడ ముగిసిందో పక్క నుంచి వేలితో తడిమి పెన్నుతో గీత పెట్టండి. అదే పక్కన తుంటి ఎముక పైఅంచు పట్టుకుని ఇంకో గీత. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. బొడ్డు దగ్గర కాదు, బెల్టు పెట్టుకునే చోట అసలే కాదు. టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి, వెనక వైపు జారిపోతూ ఉంటుంది. చర్మాన్ని తాకాలి, లోపలికి నొక్కుకుపోకూడదు. మామూలుగా ఊపిరి వదలండి, వదిలిన చివర అంకె చదవండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు. ఇక్కడ చూసేది మీరొక్కరే, ఎవర్ని మోసం చేస్తారు? రెండుసార్లు కొలవండి. సెంటీమీటరు కంటే తేడా వస్తే మూడోసారి కొలిచి, దగ్గరగా ఉన్న రెండిటి సగటు రాయండి.

"నా ప్యాంటు 32 కదా" అనేవాళ్లకు ఒక మాట. ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది, లేబుల్ మీద సైజు కంపెనీకో రకం. ఆ అంకెను నమ్మకండి.

భారతీయులకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువైనట్టే. మన దేశ నిపుణులు ఇంకా ముందే, మగవాళ్లు 78, ఆడవాళ్లు 72 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడమన్నారు. ఇన్ని అంకెలు గుర్తుండవనుకుంటే ఒక్కటి పెట్టుకోండి: నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. ఎత్తు 170 అయితే నడుము 85 లోపు.

ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకోండి, ఇద్దరిదీ 170 సెంటీమీటర్ల ఎత్తే. ఒకడు 66 కిలోలు, చూడ్డానికి సన్నగా, నడుము 91. రెండోవాడు కబడ్డీ ఆడతాడు, 76 కిలోలు, నడుము 82. తూకం చూసి రెండోవాడిని "లావయ్యావురా" అంటారు. నేనైతే మొదటివాడిని ముందు షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) చూపించుకోమంటాను. కడుపు లోపల, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వు చర్మం కింది కొవ్వులా ఊరికే పడి ఉండదు. రక్తంలోకి కొవ్వు ఆమ్లాలు వదులుతూ, ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తూ ఉంటుంది.

నడుముకూ గుండెకూ, శ్రమకూ గుండెకూ ఉన్న లంకెను చూపించినవాళ్లలో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టర్ ముఖ్యుడు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్లు రోజంతా కూర్చుంటారు, కండక్టర్లు మెట్లెక్కి దిగుతూనే ఉంటారు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని 1953లో ఆయన బృందం చూపించింది. తర్వాత 1956లో బస్సు సిబ్బంది యూనిఫాం ప్యాంట్ల నడుము సైజులు తీసి చూశారు. డ్రైవర్ల ప్యాంట్లే పెద్దవి. అసలు విశేషం ఏమిటంటే సన్నగా ఉన్నా, మధ్యస్తంగా ఉన్నా, లావుగా ఉన్నా కండక్టర్లకే ముప్పు తక్కువగా ఉంది. అంటే పొట్ట తగ్గడం ఒక లాభం, ఒళ్లు కదలడం దానికి అదనంగా ఇంకో లాభం. ఈ మార్గదర్శిలో రెండూ విడివిడిగా కొలవమంటున్నది అందుకే.

3. ఎత్తు, బరువు

దీన్ని త్వరగా ముగిద్దాం. చెప్పుల్లేకుండా గోడకు మడమలు ఆనించి ఎత్తు, పరగడుపున బరువు. బరువును (కిలోల్లో) ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగిస్తే బీఎంఐ. భారతీయులకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఇంటర్‌నెట్‌లో దొరికే చాలా లెక్కల్లో ఉండే 25, 30 మనవి కావు. 18 లోపు పిల్లలకు ఈ అంకెలు నేరుగా వాడకూడదు. వాళ్లకు వయసును బట్టి భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన చార్టులున్నాయి, పిల్లల డాక్టర్ దగ్గర దొరుకుతాయి.

బీఎంఐ ఎంత మోసం చేయగలదో పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ తన మీదే చూపించారు. లండన్‌లోని సహ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్‌తో కలిసి 2004లో ఒక ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం.

4. నిద్ర లేచాక నాడి

మంచం దిగకముందే, కాఫీ తాగకముందే చూడాలి. బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. మూడు రోజులు చూసి సగటు రాయండి.

60 నుంచి 100 మామూలే. బాగా పరిగెత్తేవాళ్లకు 50, అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు, కళ్లు తిరగడం లాంటివి లేకపోతే కంగారక్కర్లేదు. విశ్రాంతిలోనే రోజూ 100 దాటుతుంటే మాత్రం నిద్ర లేకపోవడం, రక్తహీనత, థైరాయిడ్ వీటిలో ఏదో వెతకాలి. శిక్షణ మొదలుపెట్టిన నెలా రెండు నెలలకు ఈ అంకె మెల్లగా దిగుతుంది. ఒక పొద్దున ఉన్నట్టుండి రోజూ కంటే పది ఎక్కువ కనిపిస్తే ఆ రోజు పరుగు మానేయండి. ఒంట్లో జ్వరం దాగి ఉండొచ్చు, లేదా నిన్న మరీ ఎక్కువ చేశారేమో.

5. బీపీ

"నాకు పాతికేళ్లే, బీపీ ఎందుకుంటుంది?" అన్నవాళ్లే ముందు చూసుకోవాలి. పెరిగిన బీపీకి సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు.

చూసే ముందు అరగంట వరకు టీ, కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రం బిగబట్టుకుని కూర్చోవద్దు. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టేయండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. చొక్కా చెయ్యి మీద నుంచి పట్టీ కట్టొద్దు, గట్టిగా పైకి మడిచి బిగించొద్దు. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు, మన వాళ్లకు ఇదే కష్టం. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు తీయండి. ఇలా పొద్దున, సాయంత్రం ఒక వారం.

పట్టీ సైజు సంగతి జిమ్‌కి వెళ్లేవాళ్లకు మరీ ముఖ్యం. మిషన్‌తో మామూలుగా వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల దండకు సరిపోతుంది. మీ దండ చుట్టుకొలత 34 ఉంటే ఆ పట్టీ అసలు కంటే ఎక్కువ బీపీ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది. ఇది తెలియక కండలు తిరిగిన కుర్రాళ్లు అనవసరంగా భయపడుతుంటారు. పట్టీ సరైనదే అయినా ఎక్కువ వస్తుంటే మాత్రం "నాది కండ, అందుకే" అని సర్దిచెప్పుకోవద్దు.

13 ఏళ్లు దాటినవాళ్లకు 120/80 కంటే తక్కువ ఉంటే బాగున్నట్టు. పై అంకె 120 నుంచి 129 మధ్య ఉంటే ఉప్పు, నిద్ర, పొట్ట మీద దృష్టి పెట్టండి. వారం సగటు 130/80 గానీ అంతకు మించి గానీ ఉంటే నోటుబుక్కు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ వయసులో బీపీ పెరగడానికి కొన్నిసార్లు మూత్రపిండాల్లోనో రక్తనాళాల్లోనో కారణం ఉంటుంది, దాన్ని వెతకాలి. 180/120 కనిపిస్తే వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాములు దాటకూడదు, అంటే చెంచాడు. ఆవకాయ, అప్పడాలు, మిక్చర్, బయట తినే బిర్యానీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరు వింటారు గనక! రోజూ మూడు పూటలా కలిపే ముద్దల్ని ఒక పూటకు తగ్గించమంటాను.

6. మూడు నిమిషాల మెట్టు పరీక్ష

ఇది దమ్ము కొలిచేది. ఖర్చు లేదు, గ్రౌండ్ అక్కర్లేదు. మెట్టు 12 అంగుళాలు ఉండాలి. ఇంటి మెట్లు ఆరేడు అంగుళాలే ఉంటాయి కాబట్టి పనికిరావు. అడుగెత్తు అరుగు సరిగ్గా సరిపోతుంది. ప్లాస్టిక్ స్టూలు మీద మాత్రం చేయకండి.

మెట్రోనోమ్ 96కి పెట్టండి. ఒక్కో టిక్కుకు ఒక్కో అడుగు: కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడికాలు కిందికి, ఎడమకాలు కిందికి. నిమిషానికి 24 సార్లు ఎక్కి దిగినట్టు. సరిగ్గా 3 నిమిషాలు అవగానే అక్కడే కూర్చుని, 5 సెకన్లలోపు నాడి అందుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఆ సంఖ్యే మీ స్కోరు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఉత్సాహంగా మొదటి నిమిషంలోనే వేగం పెంచేస్తారు, పెంచొద్దు. మధ్యలో ఛాతీ నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే అక్కడికక్కడే ఆపేయాలి.

18 నుంచి 25 ఏళ్ల అబ్బాయిలకు రమారమి 100 నుంచి 105, అమ్మాయిలకు 109 నుంచి 117 సగటు. 90 లోపు వచ్చిన అబ్బాయి, 99 లోపు వచ్చిన అమ్మాయి బాగున్నట్టే. ఈ పట్టిక పాశ్చాత్య దేశాల వాళ్లది కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడకండి. ఎనిమిది వారాల తర్వాత అదే అరుగు మీద, అదే వేళకు మీ స్కోరు ఎంత దిగిందన్నదే అసలు లెక్క.

స్కోరు మరీ ఎక్కువగా వచ్చిన అమ్మాయిలు పరుగు పెంచే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తం తక్కువ ఆక్సిజన్ మోస్తుంది, ఆ లోటు తీర్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు కోచ్ "బద్ధకం" అని తిట్టి లాభం లేదు, ఐరన్ మాత్రలు కావాలి.

7. బలం

పుషప్స్ ఆగకుండా ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి, అమ్మాయిలు మోకాళ్లు ఆనించి చేయొచ్చు. ఛాతీ పిడికిలెత్తు దాకా దిగకపోతే లెక్కలోకి రాదు. దీన్ని చిన్నచూపు చూడకండి: 17 దేశాల్లో జరిగి 2015లో వెలువడిన పెద్ద అధ్యయనంలో చేతి పట్టు బలహీనంగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి.

8. ఒక్కసారి రక్తపరీక్ష

18 ఏళ్లు నిండాక ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వుల పరీక్ష) చేయించుకోమని భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో సూచించింది. 1వ అంశంలో అడిగినప్పుడు ఇంట్లో గుండెజబ్బు చరిత్ర బయటపడితే ఇంకా ముందే. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే వంశపారంపర్య జబ్బు ప్రతి 250 మందిలో సుమారు ఒకరికి ఉంటుంది, అది ఎంత పరిగెత్తినా తగ్గదు, మందు కావాలి. నడుము కొలత హద్దు దాటినవాళ్లు పరగడుపు షుగర్ కూడా చూడండి. 100 నుంచి 125 వస్తే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు.

9. ఇక ఒళ్లు వంచడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 17 ఏళ్ల దాకా రోజుకు గంట కదలాలి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు, దానికి తోడు రెండు రోజులు బలం పెంచే వ్యాయామం. ఇవాళ్టిదాకా ఏమీ చేయనివాళ్లు మొదటి రెండు మూడు వారాలు వేగంగా నడవండి. పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగం సరిపోయిందా లేదా అనడానికి ఆ గుర్తు చాలు, స్మార్ట్ వాచీ అక్కర్లేదు. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక.

ఈవెంట్స్‌కి వెళ్లేవాళ్లకు చిన్న లెక్క. 7 నిమిషాల 15 సెకన్లలో 1600 అంటే 400 మీటర్ల రౌండు ఒక్కోటి సుమారు 1 నిమిషం 48 సెకన్లు. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అంటే రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. చాలామంది మొదటి రౌండు నిమిషంన్నరలో కొట్టేసి మూడో రౌండులో నడుస్తారు. వారానికి మూడు రోజులు హాయిగా మాట్లాడగలిగే వేగంతో ఎక్కువసేపు పరిగెత్తండి, ఒక్క రోజు మాత్రం మీ లక్ష్యం వేగంతో 400 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు నడుస్తూ. రెండు రోజులు పుషప్స్, బస్కీలు, ప్లాంకు. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. రోజూ టైమ్ పెట్టుకుని 1600 కొట్టడం శిక్షణ కాదు, రోజూ పరీక్ష రాయడం. ఎండాకాలం పొద్దున ఏడులోపు ముగించేయండి.

జ్వరం ఉన్నప్పుడు పరుగు వద్దే వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ సమయంలో శ్రమపడితే లయ తప్పే ప్రమాదం ఉంది. తగ్గాక కూడా నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

ఇంకొకటి, గ్రౌండ్లలో, జిమ్ముల్లో గుసగుసగా అమ్మే సూదులు. మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి ఆసుపత్రిలో వాడే మెఫెన్‌టెర్మిన్‌ను దమ్ము కోసమని కుర్రాళ్లకు అమ్ముతూ హైదరాబాద్‌లో పోలీసులకు దొరికినవాళ్లున్నారు. అది గుండె వేగాన్నీ బీపీనీ ఒక్కసారిగా పెంచుతుంది. ఎవరైనా చేతిలో పెడితే అక్కడి నుంచి వచ్చేయండి.

10. పక్కవాడు కుప్పకూలితే

పరుగులో ఎవరైనా పడిపోయి, భుజం తట్టి పిలిచినా పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోవాలి. మొదట్లో ఒకటి రెండు ఎగశ్వాసలు, ఫిట్స్ లాంటి కుదుపులు ఉండొచ్చు, వాటిని చూసి మోసపోకండి. చేతిలో తాళాలు పెట్టడం, ముఖాన నీళ్లు కొట్టడం, చుట్టూ మూగి "గాలి ఆడనివ్వండి" అని అరవడం, వీటితో పోయే నిమిషాలు తిరిగిరావు.

ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య ఎముక మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా ఒత్తాలి. 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి ఒత్తిడి తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. గ్రౌండ్‌లో షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె ఉంటే తెప్పించి తెరవండి, ఏం చేయాలో అదే చెబుతుంది. ఒత్తేవాళ్లు రెండు నిమిషాలకోసారి మారాలి, ఎందుకంటే అలసిపోయిన చేతులు లోతు తగ్గించేస్తాయి. పడిపోయినవాడు కదిలేదాకానో, అంబులెన్స్ వాళ్లు వచ్చి అందుకునేదాకానో ఆపొద్దు.